గరాటు లెక్క

మా తమ్ముడు రామాంజి ఫోన్ చేస్తే దాన్ని ఫోన్ అనకూడదు, దండోరా అనాలి. పెనుకొండ దగ్గరి మా ఊళ్లో వాడు నోరు తెరిస్తే ధర్మవరంలో నా బల్ల మీది గ్లాసులో నీళ్లు కదులుతాయి. మొన్న క్లాసు మధ్యలో అలాగే మోగించాడు. "అన్నా, మన బావిలో మళ్ల గొర్రె పడిందన్నా. ఈతూరి ఓబులేసుది. తాడు కట్టుకొని నేనే దిగితి. దాన్ని పైకి తెచ్చేతలికి నా నడుము ఆడనే ఉండిపోయ. ఆ గొర్రె గట్టెక్కి నా తట్టు తిరిగి నవ్విందన్నా, నీ మీద ఒట్టు! నాకింక శాతగాదు. టిప్పర్లు మాట్లాడినా, పూడ్సేస్తాండా. సూసుకునేదుంటే వచ్చి సూసుకొని పో." మంచాన పడినవాళ్ల గురించి చుట్టాలకు కబురు పంపేటప్పుడు చివర ఇలాంటి మాటే అంటారు.

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి బతికేవాణ్ణి. వాడి దండోరా వినిపించినప్పుడు బోర్డు మీద ఒక శంకువును తలకిందులుగా నిలబెట్టి అందులోకి నీళ్లు పోస్తున్నాను. సుద్దముక్కతోనే. మా జిల్లాలో నీళ్లు ధారాళంగా పారేది ఇంటర్మీడియట్ లెక్కల పుస్తకంలో మాత్రమే. అక్కడ ప్రతి తొట్టీ నిండుతూనే ఉంటుంది, ప్రతి గోళం ఉబ్బుతూనే ఉంటుంది, గోడకు ఆనించిన ప్రతి నిచ్చెనా జారుతూనే ఉంటుంది, ఎవడి కాలూ విరగదు. ముందు బెంచీ పిల్లలు నా ముఖం చూసి, ఇంట్లో ఎవరో పోయారనుకుని చటుక్కున లేచి నిలబడ్డారు. నేను కాదని చెప్పలేదు. శంకువును డస్టరుతో తుడిచేసి, పెనుకొండ రైలెక్కాను.

ఆ బావి గురించి నేను ఎప్పుడూ కొంచెం తగ్గించే చెబుతాను, లేకపోతే ఎవరూ నమ్మరు. మా తాత తవ్వించిన రోజుల్లో దాని నోరు ఎంత వెడల్పంటే, ఈ గట్టున నిలబడి అగ్గిపెట్టె అడిగితే ఆ గట్టునుంచి అది వచ్చేసరికి బీడీ తాగే వయసు దాటిపోయేది. ఆ తర్వాత కరువులు మొదలయ్యాయి. మా వైపు కరువు చుట్టంలా రాదు, ఇల్లరికపుటల్లుడిలా వస్తుంది. వచ్చి, కాళ్లు చాపుకుని, ఉండిపోతుంది. నీళ్లు అడుగంటిన ప్రతిసారీ నాయన బావిని ఇంకొంచెం లోతుకు దించేవాడు. దించేటప్పుడు పైగోడ కూలకుండా లోపల చుట్టూరా ఒక మెట్టు వదలడం మా వైపు పద్ధతి. నీళ్లు దిగినకొద్దీ మోటారును దించి కూర్చోబెట్టుకోవడానికీ ఆ మెట్టే ఆధారం. మెట్టు వదిలితే కింది గుంత పైదానికన్నా ఇరుకవుతుంది. ఇంకో కరువు, ఇంకో మెట్టు, ఇంకా ఇరుకు. నేను కాలేజీలో చేరేనాటికి, పైన చెరువంత ఉన్న బావి అడుగున మా అవ్వ సంగటి చట్టి అంత అయింది. పైనుంచి చూసేవాళ్లకు ఆ సంగతి తెలిసేది కాదు. నీళ్లున్నన్నాళ్లూ ఏ బావైనా పైనుంచి పెద్దదే.

ఆ నీళ్లతో మల్బరీ తోట బతికేది. ఆ ఆకుతో పట్టుపురుగులు బతికేవి. పురుగులను నమ్ముకుని మేం బతికేవాళ్లం. మా ఇంట్లో పురుగులు లోపల, మనుషులు బయట. వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటిగా పైకప్పు దంతెల దాకా లేచి ఉండేవి. మా ఊళ్లో మొదటి బహుళ అంతస్తుల భవనం మా నట్టింట్లోనే వెలిసిందని నేను గర్వంగా చెప్పుకునేవాణ్ణి. మేమంతా అరుగు మీద. లోపలికి వెళ్లాలంటే చెప్పులు విప్పాలి, కాళ్లు కడగాలి, ఊదుబత్తి వాసన తగలకూడదు, పౌడరు పూసిన ముఖం లోపల పెట్టకూడదు. ఒకసారి మా మేనత్త మొగుడు సెంటు పూసుకుని వచ్చాడు. నాయన ఆయన్ను వాకిట్లోనే ఆపి, "బావా, తప్పుగా అనుకోవద్దు" అని నెత్తిన బిందెడు నీళ్లు కుమ్మరించి, అప్పుడు క్షేమం అడిగాడు. తిరగమాత ఘాటుకు పురుగు తిండి మానేస్తుందని, పంట ఇంట్లో ఉన్నన్నాళ్లూ అమ్మ పోపు లేని పప్పే చేసేది. పచ్చి ఆకు వాసన, తట్టల కింద చల్లిన సున్నం వాసన, పురుగుల పెంట వాసన కలిసి నా చొక్కాలకు ఎంతగా పట్టిందంటే, రైల్లో నేను ఎక్కితే నా పక్కన ముగ్గురికి సరిపడా జాగా దానంతటదే ఏర్పడేది.

పురుగు చర్మం విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, ధ్యానంలో ఉన్నట్టు కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మావాళ్లు జ్వరం అంటారు. గూడు కట్టేలోగా నాలుగు జ్వరాలు. జ్వరం నడుస్తున్నంతసేపూ ఇంటిల్లిపాదీ గుసగుసల్లో మాట్లాడుకోవాలి. నాకు ఒకసారి ఒళ్లు కాలిపోయే జ్వరమొచ్చి మూలుగుతుంటే అమ్మ తడిగుడ్డ వేస్తూ, "మెల్లిగ మూలుగు నాయనా, లోపల జ్వరంలో ఉండారు" అంది. ఉండాయి అనలేదు. ఉండారు అంది.

నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగు ఆకలి గురించి ఎంత పెంచి చెప్పినా తక్కువే. అంతవరకూ తిన్నదంతా ఒక ఎత్తు, ఆ చివరి వారం తినేది మరో ఏడెత్తులు. అన్ని నోళ్లు ఒక్కసారి ఆకు కొరుకుతుంటే వచ్చే చప్పుడు అచ్చం వాన చప్పుడు. పెంకుల మీద మోగే వాన కాదు, పచ్చటి చేను మీద పడే సన్నవాన. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, అప్పటికే చూపు బాగా తగ్గింది. అరుగు మీద కూర్చుని చెవి తలుపుకు ఆనించి, ఒక్కసారిగా, "వాన పడతాందిరోయ్! చెనక్కాయలు తడుస్తాండాయి, ఎత్తండ్రా!" అని అరిచేది. ఎవరూ కదిలేవాళ్లం కాదు. ఆమే తడుముకుంటూ వాకిట్లోకి పోయి, ఎర్రటెండలో చేయి చాపి కాసేపు నిలబడి, "సన్నంగుండాది, తగల్తాలేదు" అని వచ్చి కూర్చునేది. "పురుగులే అవ్వా" అంటే, "నాకు తెల్దా?" అని కసిరేది. మర్నాడు మళ్లీ అదే కేక. మా ఊళ్లో ఆమెకు మిగిలిన వాన అదొక్కటే. దాన్ని వదులుకోవడానికి ఆమె సిద్ధంగా లేదు.

నాయన కొలత జాన. పొద్దున్నే బావిలోకి దిగి నీటి అంచున రాతి మీద సున్నంతో గీత పెట్టేవాడు. మర్నాడు గీతకూ నీళ్లకూ మధ్య చేయి పరిచి చూసేవాడు. నేను చెప్పే ఆ ఏడు, కాలం కాని కాలంలో ఒక్క గట్టి వాన పడి బావి సగానికి పైగా నిండింది. మోటారు రోజూ ఒక్కతీరుగానే తోడుతోంది, నీళ్లు రోజుకు జానెడు దిగుతున్నాయి, రాయి కట్టిన తాడు వేసి చూస్తే అడుగుదాకా జానలే జానలు. ఆ జానల ధైర్యంతో నాయన ఎప్పుడూ తెచ్చే పురుగు గుడ్లకు రెట్టింపు తెచ్చాడు. అమ్మ బుగ్గన చేయి పెట్టుకుంది.

"ఇన్ని తట్టలు యాడ పెడతావయ్యా?"

"అరుగు మీద పెడదాం."

"మరి మనం?"

"మనకు వాకిలుండాది గదా! ఈ పంట ఎక్కితే ఆ వాకిట్లోనే ఇంగో గది లేస్తాది. పురుగులకు పురుగులు, మనకు మనం."

మనుషులకు ఒక గది. ఆ పంట మీద మేం పెట్టుకున్న ఆశంతా అదే. అవ్వకు ఆ గదిలో ఏ మూల మంచం వేయాలో అప్పుడే నిర్ణయమైపోయింది. ఇంకా కట్టని ఆ గదిలో ఉక్కపోస్తోందని కూడా ఆమె ఒకటి రెండు సార్లు విసుక్కుంది.

హిందూపురం కాలేజీలో మాకు లెక్కలు చెప్పే సారు మడకశిర వైపు మనిషి. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేవాడు. లెక్క మాత్రం రెండు భాషల్లోనూ అర్థమయ్యేది కాదు. శృంఖల నియమం అని బోర్డు మీద రాసి, ఒక ప్రమేయంలో ఇంకో ప్రమేయం, దానిలో ఇంకోటి అంటూ వారం రోజులు గుణించాడు. మేం వారం రోజులు నిద్రపోయాం. మా నిద్రలు కూడా ఒకదానిలో ఒకటి ఉండేవి. ఒకరోజు ఆయనకు కోపం వచ్చిందో, జాలి వచ్చిందో, పుస్తకం మూసేసి నా దగ్గరికి వచ్చి గాలి పీల్చాడు.

"ఏమప్పా, రేష్మె పురుగులోళ్లా మీరు?"

"అవును సార్."

"మీ గూళ్లు ఈ మార్కెట్లోనించి నేరుగా ధర్మవరం మగ్గానికి పోతాయా?"

"పోవు సార్. నడుమ దళారి ఉంటాడు."

"అంతే గదప్పా! అంతకు మించి ఏముండాది ఇందులో?" అని బోర్డు దగ్గరికి ఉరికి, తలకిందుల శంకువు ఒకటి గీశాడు. "తొట్టిలో నీళ్లు తోడతాండారు. గంటకు ఇన్ని నీళ్లు అని మనకు తెలుసు. మట్టం ఎంత బిరీన దిగుతాదో తెలీదు. నీళ్లకూ మట్టానికీ నడుమ ఒకడు దళారి ఉండాడు. మట్టం అంగుళం దిగితే ఎన్ని నీళ్లు పోతాయో వాడు చెప్తాడు. వాడు చెప్పిన దాన్ని మట్టం దిగే వేగంతో గుణించు, నీళ్లు పోయే వేగం వస్తాది. శృంఖల నియమం అంటే అదే. గొత్తాయెనా?"

తల ఊపాం. మేం అన్నిటికీ తల ఊపేవాళ్లం.

"ఊపద్దండి, వినండి. ఈ దళారి ఒక్కతీరుగా ఉండేటోడు గాదు. పైన వెడల్పుండే కాడ అంగుళానికి శానా నీళ్లిస్తాడు. కింద ఇరుకు కాడ చెంబెడు ఇస్తాడు. మీరేమో ముందర తోడినట్టే తోడతాండారు. అప్పుడు మట్టం ఏం జేయల్ల? ఉరకల్ల! వెడల్పు సగమైతే రెండింతలు గాదప్పా, నాలుగింతలు బిరీన దిగుతాది."

జీవితంలో నాకు లెక్క అర్థమైన క్షణం అదొక్కటే. దాన్ని నేను ఎవరికీ కోరను. పక్కవాడు ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు. నాకు మాత్రం బోర్డు మీది శంకువు అంచుల్లో మెట్లు కనపడ్డాయి. ఒక మెట్టు మీద మా మోటారు కూర్చుని ఉంది. తాత తవ్వించిన నోరూ, నాయన దించిన ప్రతి కరువూ కలిపి సారు రెండే రెండు గీతల్లో గీసి పారేశాడు. మావాళ్లు రెండు తరాలుగా పలుగూ పారా పట్టి తయారు చేసింది బావిని కాదు, పరీక్షకు ఒక ప్రశ్నను.

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుని గొలుసు మొత్తం కలిపి చూశాను. రోజుకు పురుగు ఎంత పెరుగుతుంది, పెరిగిన పురుగుకు ఎంత ఆకు కావాలి, అంత ఆకు పచ్చగా ఉండాలంటే ఎన్ని నీళ్లు కావాలి, అన్ని నీళ్లకు ఎన్ని జానలు దిగుతుంది. ఒక్కోటి ఒక్కో కొక్కెం. గుణించుకుంటూ పోవడమే. ఒకవైపు ఆకలి రోజురోజుకూ పెరుగుతూ వస్తోంది, మరోవైపు నీళ్లు రోజురోజుకూ పరుగెత్తి దిగుతున్నాయి. ఒకే పట్టా మీద ఎదురెదురుగా వస్తున్న రెండు బళ్లు అవి. ఎక్కడ గుద్దుకుంటాయో నాకు స్టేషన్ పేరుతో సహా తెలిసింది: నాలుగో జ్వరం దాటాక, పురుగు పండి గూడు కట్టేలోపల.

ఇంటికి పోగానే వంటింట్లోంచి కిరసనాయిలు గరాటు తీసి, కింది కొస వేలితో మూసి, నిండా నీళ్లు పోసి నాయన ముందు నిలబడ్డాను.

"ఏమప్పా, కాలేజీలో ఇదా నేర్పేది?"

"ఇది మన బావి నాయనా. సూడు."

వేలు కొంచెం సడలించాను. సన్నని ధార పడుతోంది కానీ, పైన నీళ్లు దిగినట్టే లేవు. నాయన ఆవులించాడు. సగం దాటాక దిగడం కంటికి ఆనింది. చివర్లో సర్రున జారి గరాటు గుటక వేసింది. నాయన ఆవులింత మధ్యలోనే నిలిచిపోయింది.

"ఇంగోతూరి పొయ్యి."

పోశాను. ఈసారి గరాటు తనే పట్టుకున్నాడు. మళ్లీ పోయమన్నాడు. మళ్లీ.

"బిందెడు నీళ్లకు కొట్టుకు సస్తాంటే తండ్రీకొడుకులు ఆటలాడతాండారా?" అరుగు మీదనుంచి అవ్వ. "కండ్లు కనపడకపోతే మాత్రం, నీళ్లు పారబోసే సద్దు నాకు తెల్దా? సిగ్గుండల్ల!"

నాయన వినిపించుకోలేదు. "అయితే నా జాన లెక్క తప్పంటావా?"

"పైన జాన, కింద జాన ఒకటి గాదు నాయనా."

"నా చెయ్యి ఒకటే గదప్పా" అన్నాడు. చేయి చాపి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, అది తనను మోసం చేసిందేమో అన్నట్టు. "ఎప్పటికైపోతాయి నీళ్లు?"

చెప్పాను.

"ఏం జేయమంటాడు మీ సారు?"

సారు అంతదూరం రాలేదు. జవాబు రాసి, దాని కింద రెండు గీతలు గీసి, చేతులు దులుపుకున్నాడు. లెక్కల్లో దానికి మించిన అంత్యక్రియలు లేవు. బోరు సంగతి ఎత్తడానికి లేదు. ఊళ్లో వేయగలిగినవాళ్లు వేసి, మా బావి ఊటను పక్కనుంచి తాగేసి చాలా కాలమైంది. ఆకు అడగడానికీ ఎవరి తోట చూసినా మా తోటలాంటిదే. అందుకని నాకు తోచింది నేను చెప్పాను. "ఇప్పుడే సగం పురుగులు పారేస్తే, ఆ నీళ్లకు, ఆ ఆకుకు, మిగిలిన సగమన్నా పండుతాయి నాయనా."

నాయన కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాడు. నేనూ వెళ్లాను. తట్ట తట్టలో పురుగులన్నీ తలలెత్తి మూడో జ్వరంలో ఉన్నాయి. ఒక్కటి కదలడం లేదు. అన్నీ మా వైపే చూస్తున్నట్టుంది.

"ఏ సగం?" అన్నాడు నాయన, గుసగుసగా.

నేను ఒక తట్ట వైపు చూశాను. తర్వాత పక్క తట్ట వైపు చూశాను.

"జరంలో ఉండేటోళ్లను ఎట్ల ఎత్తి పారేస్తామురా?"

శృంఖల నియమంలో దానికి సూత్రం లేదు. నేను ఇప్పటిదాకా చదివిన ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు.

నాలుగో జ్వరం దగ్గరపడేసరికి సున్నం గీతల మధ్య దూరం జాన దాటి, మూర దాటి, నిలువెత్తుకు పోయి, నీళ్లు అడుగుకు చేరాయి. అప్పుడు నాయన తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు. గడ్డపార తీసుకుని బావిలోకి దిగాడు. మోటారు ఆగి ఉన్న వేళల్లో, మోకాళ్ల లోతు బురదనీళ్లలో నిలబడి, మళ్లీ ఒక మెట్టు వదిలి, మళ్లీ ఇంకొంచెం ఇరుకుగా, ఇంకొంచెం లోతుకు. "ఇరుకైతే ఇంకా బిరీన దిగుతాది నాయనా" అని గట్టునుంచి అరిచాను. "తెలుసులేప్పా. గరాటు సూసినా గదా!" అని కిందనుంచి జవాబొచ్చింది. "ఊట తగిల్తే ఎంత ఇరుకైతే మనకేం? నువ్వు సదివేది తర్వాత సదువుదువు, ఆ మట్టి తట్ట అందుకో." అందుకున్నాను. దిగాను కూడా. అదంతా ఎక్కడికి పోతుందో గీత గీసి చూపగలిగినవాణ్ణి, ఆ ఊళ్లోకల్లా ఒక్కణ్ణే, మట్టి మోశాను. నాలుగో జ్వరం వచ్చింది, పోయింది. ఒకరోజు నాయన, "తడి తగిల్తాందిరోయ్!" అని కేక పెట్టాడు. ఇద్దరం అరచేతులు రాతికి ఆనించి చూశాం. అది మా చెమట.

పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. రెట్టింపు పురుగులు, రెట్టింపు వాన. గోడలు దాటి వీధిలోకి వినిపించే వాన. అవ్వ ఆనందానికి అంతు లేదు. చెనక్కాయలు ఎత్తమనడం మానేసి, "పడనీ, పడనీ" అనడం మొదలుపెట్టింది. అప్పటికి బావిలో మిగిలింది రాత్రంతా ఊరే కాసిని నీళ్లే. ఒక సాయంత్రం మోటారు గుర్రున గాలి పీల్చి ఆగిపోయింది, గరాటు గుటక వేసినట్టే. తోటలో ఆకు కొసలు ముడుచుకున్నాయి, పసుపెక్కాయి, చేత్తో నలిపితే పొగాకులా పొడి అయ్యాయి. ఉన్నదేదో కోసి వేశాం. పురుగులు దాని మీద పాకి, వాసన చూసి, దిగిపోయాయి. చప్పుడు పలచబడింది. తుంపరైంది. తర్వాత అదీ లేదు.

అరుగు మీద అవ్వ చాలాసేపు చెవి ఆనించి విన్నది. "వాన నిల్సినట్టుండాదే" అంది. "సాల్లే. ఈ మాత్రం పడిందంటే నేల బాగా తడిసింటాది."

ఎవరూ పురుగులని చెప్పలేదు. ఆ ఒక్కసారి.

చచ్చిన పురుగుల తట్టలను పూడ్చే గుంతకు నాయన ఒక్కడే మోశాడు. ఎవర్నీ చేయి వేయనివ్వలేదు. ప్రతిసారీ చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లేవాడు. ఖాళీ అయ్యాక అమ్మ గది ఊడ్చి, పొయ్యి వెలిగించి, పప్పుకు తిరగమాత పెట్టింది. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిరపకాయ, వెల్లుల్లి కమ్మగా వేగాయి. నెలరోజులుగా ఆ వాసన కోసం కలలు కన్నవాణ్ణి. ఆ పూట మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత మేం ధర్మవరం చేరాం. అక్కడ మా మేనమామకు మగ్గాలుండేవి. నడివయసులో నాయన, మీసాలొచ్చే పిల్లల పక్కన కూర్చుని, మగ్గం పని నేర్చుకున్నాడు. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంత ఉంటుంది. మా నాయన బావిలోంచి తేలి గుంతలో దిగాడని నేనే అందరికీ జోకు చెప్పి నవ్వించేవాణ్ణి. నాయనా నవ్వేవాడు. పట్టుదారం చేతికి వస్తే మాత్రం కాసేపు వేళ్ల మధ్య రాసి చూసేవాడు. ఏ ఊరి పురుగో, ఎన్నో జ్వరం దాకా తిండికి కరువు లేకుండా పెరిగిందో దారం చెబుతుందట. నాకైతే ఏ దారమూ ఏదీ చెప్పలేదు. అవ్వ ఆ మగ్గాల చప్పుడును ఎంత విన్నా వాన అనుకోలేదు. "ఉరుము" అంది ఒకసారి. "ఉరుముతాదే గాని పడదు" అని అటు తిరిగి పడుకుంది.

నాకు లెక్కల ఉద్యోగం వచ్చిన రోజు నాయన మగ్గం ఆపకుండానే అడిగాడు. "ఆ గరాటు లెక్క నువ్వూ సెప్పల్లా పిల్లోళ్లకు?"

"సెప్పల్ల నాయనా. పుస్తకంలో ఉంది."

"అయితే నీళ్లు దిగేది సెప్పద్దు. నిండేది సెప్పు. లెక్క అదే గదా?"

లెక్క అదే. గుర్తు ఒకటి మారుతుంది. అప్పటినుంచి నా శంకువుల్లో నీళ్లు నిండుతూనే ఉన్నాయి. ప్రతి ఏడూ వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "ఇది దేనికి పనికొస్తాది సార్?" అంటాడు. "పరీక్షకప్పా" అంటాను. పోయేది ఎంత వేగంగా పోతోందో మాత్రమే ఇది చెబుతుందనీ, ఆపేది ఎలాగో చెప్పదనీ ఇంటర్మీడియట్ పిల్లలకు చెప్పడం నాకు చేతకాదు. నాయన పోయాక కూడా దిగే లెక్క నేను బోర్డు ఎక్కించలేదు. పరీక్షలో అదే వస్తే మా పిల్లలు గుర్తు తప్పు వేసి వస్తారు.

మొన్న నేను వెళ్లేసరికి బావి సగానికి పైగా పూడింది. ఊరు చూస్తే పచ్చగానే ఉంది. బోర్లున్నాయి, మొక్క మొక్కకూ డ్రిప్పు పైపులున్నాయి, పురుగులకు విడిగా షెడ్లున్నాయి, మనుషులు ఇళ్లలోనే పడుకుంటున్నారు. పెద్దయ్యాక ఊరికి తిరిగొచ్చి సేద్యం పట్టిన రామాంజికి నాలుగు గదులు. తన బోరు గురించి వాడు గొప్పగా చెబుతుంటే, "అడుగున ఎంతుందో ఎట్ల తెలుస్తాది?" అని అడిగాను. "అది తెలీదన్నా. వచ్చినన్ని దినాలు వస్తాది" అన్నాడు. నాయన కొలత తప్పే కావచ్చు, సున్నం గీత పెట్టడానికి ఆయనకొక గోడ ఉండేది. వీడికి జానెడు వెడల్పు చీకటి ఉంది, అంతే. దాంట్లోకి గొర్రె పడదు, నిజమే. చూపు కూడా పడదు.

గట్టున టిప్పరు డ్రైవరు తల పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏం బావి సార్ ఇది! మొదట నాలుగు లోడ్లకే సర్రున లేసింది. ఇంగేముంది, బిరీన అయిపోతాదిలే అనుకుంటి. ఇప్పుడు ఎంత పోసినా పైకి రాదు. కింద యాడన్నా బొక్క పడిందేమో?"

"బొక్క లేదు, ఏమీ లేదు. మా అన్న లెక్కల సారు, అడుగు" అన్నాడు రామాంజి.

నేను కాదనలేకపోయాను. అడ్డంగా అడుగులతో కొలిచాను. గోడ వెంట దిగి, మట్టి అంచునుంచి గట్టుదాకా చేయి పరిచి జానలు పెట్టాను. నాయన జానకు నా జాన కొంచెం తక్కువ. పుల్లతో నేల మీద గీసి, గుణించి, ఇంకా ఇన్ని లోడ్లు పడతాయి, పోనుపోను ఇంకా నిదానమవుతుంది అని చెప్పాను. డ్రైవరు నమ్మలేదు కానీ అన్నే తెప్పించాడు. మర్నాడు పొద్దెక్కేసరికి చివరి టిప్పరు గట్టుకు వచ్చింది. ఇన్నేళ్లలో నా లెక్క నిజంగా ఒకరి పనికి వచ్చిన రోజు అది. నిండే లెక్కే.

"అబ్బ! లెక్కంటే ఇదీ సార్!" అన్నాడు డ్రైవరు, మీట నొక్కుతూ.

టిప్పరు తొట్టి మెల్లగా పైకి లేచింది. ఎండిన ఎర్రమట్టి సన్నగా, ఒక్కతీరుగా, ఆగకుండా జారింది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఎర్రటెండలో అవ్వలా చేయి చాపాను.

దుమ్ము పడింది.